పాత ట్రాక్టర్‌కు ప్రాణం పోసే ముందు.. పాత రిపేర్లను చదవండి

* ప్రతి మరమ్మతూ కాస్త ఇనుమును తినేసే పోతుంది
* ఎంత మిగిలిందో తేలాకే ఖర్చుకు దిగాలి
* బాగున్న పాత పనిని పీకేయడమూ నష్టమే

ఉడుమలైపేట: పొలంలో కొత్త ట్రాక్టరు దున్నుతుంటుంది. షెడ్డులో తాత కొన్న పాతది టార్పాలిన్ కింద నిద్రపోతుంటుంది. ఉడుమలై చుట్టూ కొబ్బరి తోటల్లో, చెరకు మళ్ల పక్కన ఈ దృశ్యం కొత్తేమీ కాదు. అమ్మితే పాత ఇనుము ధర. ఉంచితే ఇంటి గుర్తు. దాన్ని మళ్లీ నడిపించాలని మనవడికి మనసవుతుంది. అక్కడే చాలామంది మొదటి అడుగు తడబడుతుంది. ముందు రంగు కొట్టిస్తారు. కొత్త టైర్లు వేయిస్తారు. పిస్టన్ల సెట్టు కొనేస్తారు. తీరా ఇంజను విప్పాక క్రాంకు ఇక అరగదీయడానికి వీల్లేని స్థితిలో ఉందని తేలుతుంది. రంగు డబ్బులు, టైర్ల డబ్బులు పోయినట్టే.

నలభై, యాభై ఏళ్లు నడిచిన ఇంజను ఒక్క చేతిమీదుగా రాదు. నాలుగైదుగురు మేస్త్రీలు దానిమీద పనిచేసి ఉంటారు. ఒకరు బోరు చేసి ఉంటారు, ఇంకొకరు హెడ్డు చెక్కి ఉంటారు, మరొకరు పగులుకు వెల్డింగు పెట్టి ఉంటారు. కాగితం మీద ఎవరూ రాసిపెట్టరు. కానీ ఇనుము మీద అంతా రాసే ఉంటుంది. దాన్ని చదవడం వస్తే బండికి ఎంత ఖర్చవుతుందో, అసలు ఖర్చు పెట్టొచ్చో లేదో ముందే తెలుస్తుంది.

రిపేరే బతుకుతెరువైన రోజులు

ఇన్ని రిపేర్లు ఎందుకు పడ్డాయో తెలియాలంటే ఆ కాలం తెలియాలి. 1961లో దేశం మొత్తం మీద తయారైన ట్రాక్టర్లు 880 మాత్రమే. ఫరీదాబాదులో ఐషర్, మద్రాసులో 1960లో పుట్టిన టాఫే, ఆ వెనుక 1963లో మహీంద్రా, ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్ కలిసి పెట్టిన కంపెనీ.. ఇలా ఒక్కొక్కటే వచ్చాయి. ఎస్కార్ట్స్ 1971లో ఫోర్డ్ 3000 తెచ్చింది. అదే ఏడాది హర్యానాలోని పింజోరులో హెచ్‌ఎంటీ వాళ్లు జెటార్ నమూనాతో 25 హార్స్ పవర్ బండి మొదలుపెట్టారు. బండి దొరకడమే గగనం, విడి భాగాలు దొరకడం ఇంకా కష్టం. విరిగినదాన్ని పారేయడం అనే మాటే లేదు. అతికించాలి, చెక్కాలి, తొడుగు వేయాలి.

ఆ పనికి మన ప్రాంతం కొరత పడలేదు. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో పుట్టిన జి.డి.నాయుడు 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచి-పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. ఆ దారి మధ్యలోనే ఉంది ఉడుమలైపేట. 1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి ఆయన దేశంలోనే తొలి విద్యుత్ మోటారు తయారు చేశారు. అప్పట్నుంచి మిల్లులు, పంపులు, ఫౌండ్రీల చుట్టూ అల్లుకున్న లేత్ షాపులు, ఇక్కడివాళ్లు పట్టరై అని పిలిచేవి, ట్రాక్టర్లనూ అక్కున చేర్చుకున్నాయి. మిల్లు యంత్రం షాఫ్టు తిప్పిన చేయి ట్రాక్టరు క్రాంకునూ తిప్పింది. అందుకే ఇక్కడి పాత ఇంజన్లలో గొప్ప పనితనమూ కనిపిస్తుంది, సీజను మధ్యలో ఎలాగోలా బండిని కదిలించాలని చేసిన అతుకుల పనీ కనిపిస్తుంది. రెండింటినీ వేరు చేయడమే ఇప్పుడు మన పని.

విప్పకముందే చెప్పే సంగతులు

బండి చూడ్డానికి వెళ్లగానే ముందు ఇంజను మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపు ఎవరో స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజను ఎలా లేస్తుందో చూడ్డమే అసలు పరీక్ష. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున్నే చూడటం మేలు.

స్టార్ట్ చేయకముందే ఇంకో పని ఉంది. చాంబరు కింది బోల్టును మెల్లగా వదులు చేయండి. నీళ్లు నూనె కన్నా బరువు. ఆయిల్లో నీళ్లు కలుస్తుంటే రాత్రికి అడుగుకు చేరి ముందుగా అవే కారతాయి. ఆయిలు మజ్జిగలా తెల్లగా ఉన్నా అదే కథ. హెడ్ గ్యాస్కెట్టో, పగులో, స్లీవు కింది రబ్బరు రింగులో.. ఎక్కడో దారి ఉంది. అలాంటి బండిని ఆ ఆయిలుతో స్టార్ట్ చేయకండి.

ఆయిలు బాగుంటే బోల్టు బిగించి, ఎంత కారిందో అంత పోసి, అప్పుడు స్టార్ట్ చేయండి. పొగ రంగు చూడండి. నీలి పొగ వస్తే ఆయిలు కాలుతోంది. నల్ల పొగ వస్తే డీజిలు ఎక్కువ పడుతోంది, లేదా గాలి చాలట్లేదు. తెల్ల పొగ చల్లగా ఉన్నప్పుడు కాసేపు వస్తే పెద్ద విషయం కాదు. వేడెక్కాక కూడా ఆగకపోతే నాజిలు, కంప్రెషన్, లేదా నీళ్లు. బ్రీదరు గొట్టం దగ్గర అరచేయి పెట్టండి. ఆవిరి గొట్టంలా తోస్తుంటే రింగులు, బోరు అరిగినట్టే. ఇంజను బాగా వేడెక్కాక ఆయిల్ ప్రెషరు ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడాలి. చల్లగా ఉన్నప్పుడు ఎవరి ముల్లైనా పైనే ఉంటుంది. చిక్కటి ఆయిలు పోసి పొగను, ప్రెషరును కాసేపు దాచడం పాత ఎత్తే.

నీళ్ల తీరూ చూడండి. మన దగ్గర మంచు గడ్డకట్టి బ్లాకు పగలడం ఉండదు. ఇక్కడ బ్లాకు పగిలేది వేడికి. నీళ్లు తగ్గినా గమనించకుండా చెరకు ట్రైలరు లాగించడం, కాగిపోయాక బకెట్టు చన్నీళ్లు కుమ్మరించడం.. దీంతోనే పగుళ్లు. బోరు నీళ్లలో సుద్ద ఎక్కువైతే అది లోపల పేరుకుంటుంది. బ్లాకు పక్కన నీళ్లు వదిలే చిన్న కుళాయి తిప్పితే నీళ్లు రాకుండా, తీగ పెట్టి పొడిస్తే బురద వస్తుంటే సిలిండర్ల చుట్టూ సుద్ద, తుప్పు గట్టిపడ్డాయని అర్థం. వేడెక్కుతోందని థర్మోస్టాటు పీకి పారేసిన బండ్లు కోకొల్లలు. అది లేని చోట రోగం ఇంకెక్కడో ఉంది.

చివరగా ఆర్‌సీ పుస్తకంలోని ఇంజను నంబరు, బ్లాకు మీది నంబరు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే బ్లాకు మారింది. మారడం తప్పు కాదు. పుస్తకంలోకి ఎక్కకపోవడమే చిక్కు. సొంత వాడకం ట్రాక్టరుకు పదిహేనేళ్ల తరవాత రిజిస్ట్రేషను ఎప్పటికప్పుడు పొడిగించుకోవాలి. ఆ రోజు ఆర్‌టీవో ఆఫీసులో ఈ తేడా బయటపడుతుంది. నంబరు ఉన్నచోట గ్రైండరు గీతలుంటే మరీ జాగ్రత్త.

ఏ ఇంజనుకు ఏ తొడుగు?

బోరు రిపేరును అంచనా వేయాలంటే ముందు ఆ బండి సిలిండరు ఏ రకమో తెలియాలి. మూడు రకాలు.

మొదటిది పొడి స్లీవు. బ్లాకులోని రంధ్రంలో పల్చటి ఇనుప గొట్టం బిగుతుగా దిగి ఉంటుంది. నీళ్లు దానికి నేరుగా తగలవు. మాస్సీ ఫెర్గూసన్ బండ్ల పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజన్లు ఈ కోవలోవి. మద్రాసు సెంబియంలోని సింప్సన్ కంపెనీ 1950ల నుంచి పెర్కిన్స్ డిజైన్లతో ఇంజన్లు తయారుచేసింది. వీటిలో చూడాల్సింది స్లీవు వెనక ఉన్న బ్లాకు రంధ్రం. నాలుగైదుసార్లు స్లీవులు కొట్టి తీసి కొట్టి తీస్తే ఆ రంధ్రం గుండ్రం తప్పుతుంది. స్లీవు బయటివైపు నల్లటి మచ్చలు, రుద్దుకున్న గుర్తులు ఉంటే అది బ్లాకుకు సరిగ్గా ఆనడం లేదు. ఆనని చోట వేడి దిగదు, పిస్టను పట్టేస్తుంది. వదులైన స్లీవు చుట్టూ రేకు చుట్టి కొట్టిన పని కనిపిస్తే దాన్ని ఒప్పుకోవద్దు. బ్లాకును సమంగా బోరు చేసి, బయటి కొలత పెద్దదిగా ఉన్న స్లీవు వేయడమే మార్గం.

రెండోది తడి స్లీవు. నీళ్లు దాని వీపుకే తగులుతాయి. జెటార్ వంశం, అంటే హెచ్‌ఎంటీ 2511 లాంటివి ఈ రకం. సులువుగా మార్చుకోవచ్చు కాబట్టి బ్లాకు ఎక్కువ కాలం బతుకుతుంది. కానీ స్లీవు కూర్చునే పైగట్టు, కింద రబ్బరు రింగులు పట్టే చోటు తుప్పు తింటే నీళ్లు చాంబరులోకి దిగుతాయి. పైగట్టు కింద కాగితమో, రాగి తీగో వేసి స్లీవును లేపిన గుర్తులుంటే ఆ గట్టు దెబ్బతిన్నదని తెలిసిపోతుంది. స్లీవు బ్లాకు పైకి ఎంత లేచి ఉండాలో మాన్యువల్లో ఉంటుంది. అన్ని సిలిండర్లూ ఒకే ఎత్తులో లేకపోతే ఎన్ని గ్యాస్కెట్లు మార్చినా నిలవదు. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల యూనిట్ మూసివేతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది కాబట్టి ఆ బండి విప్పేవాళ్లు ముందు భాగాలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కున్నాకే స్పానరు పట్టాలి.

మూడోది స్లీవే లేని రకం. బ్లాకు ఇనుములోనే సిలిండరు చెక్కి ఉంటుంది. ఫోర్డ్ 3000, 3600 మూడు సిలిండర్ల ఇంజన్లు ఇలాంటివే. 4.2 అంగుళాల బోరు. అరిగినప్పుడు కాస్త పెద్దగా చెక్కి పెద్ద పిస్టను వేస్తారు. చెక్కడానికి ఇక చోటు లేనప్పుడు స్లీవు వేసి మళ్లీ మొదటి కొలతకు తెస్తారు. కంపెనీలో లేని స్లీవు కనిపించిందని కంగారు పడకండి. నిటారుగా, బిగుతుగా వేసిన స్లీవు మంచి రిపేరే. ఒక్క సిలిండరుకే స్లీవు ఉంటే మాత్రం అక్కడేం జరిగిందో ఆలోచించాలి. రాడ్డు విరిగి గోడ చీలిందేమో, నీటివైపు నుంచి గుంటలు పడి చిల్లు పడిందేమో చూడాలి.

పిస్టను తల మీద, బేరింగు వీపు మీద అంకెలు

హెడ్డు తీశాక పిస్టన్ల తలలు తుడిచి చూడండి. ఎస్‌టీడీ అని ఉంటే మొదటి కొలత. 10, 20, 30 అంకెలుంటే అంగుళంలో వెయ్యో వంతుల్లో అంత పెద్దవి. 20 సైజు అంటే సుమారు అర మిల్లీమీటరు. మూడు పిస్టన్లలో రెండు ఒక సైజు, ఒకటి ఇంకో సైజు ఉంటే ఎప్పుడో సీజను మధ్యలో ఒక్క సిలిండరుకే పని జరిగిందని అర్థం. తయారీ గుర్తులు వేరైతే బరువులూ తూచి చూడాలి.

చాంబరు విప్పి బేరింగుల వీపు చూడండి. అక్కడా అంకె ఉంటుంది. అదే క్రాంకు జాతకం. ప్రతిసారి గ్రైండింగులో క్రాంకు పది వెయ్యో వంతులు సన్నబడుతుంది. మామూలుగా 10, 20, 30 సైజు బేరింగులు దొరుకుతాయి. ఇప్పటికే 30లో ఉండి, మళ్లీ గీతలు పడిందంటే ఆ క్రాంకు ఆఖరి మెట్టు మీద ఉంది. మీ బడ్జెట్టు అక్కడే తలకిందులవుతుంది. అందుకే పిస్టన్లు కొనకముందు క్రాంకు కొలవాలి.

అంకెను మాత్రమే నమ్మకండి. మైక్రోమీటరుతో ప్రతి జర్నలునూ రెండు చోట్ల, అడ్డంగా నిలువుగా కొలవాలి. గుండ్రం తప్పిందా, ఒకవైపు సన్నమైందా తెలుస్తుంది. జర్నలు అంచున చెక్కు పక్కగోడతో కలిసే చోట చిన్న గుండ్రటి వంపు ఉండాలి. గ్రైండింగు చేసినవాళ్లు తొందరలో ఆ వంపును తీసేసి నిక్కచ్చి మూలగా వదిలితే క్రాంకు అక్కడే విరుగుతుంది. వేలి గోరుతో తడిమితే తెలిసే సంగతి ఇది. వెల్డింగుతో మందం పెంచి తిప్పిన క్రాంకు కనిపిస్తే పెద్ద గ్రైండింగు షాపులో పగుళ్ల పరీక్ష చేయించకుండా వాడొద్దు.

పాత రిపేర్లలో అతి ప్రమాదకరమైనది కంటికి కనిపించదు. బేరింగు వదులైనప్పుడు కొత్తది కొనే బదులు క్యాపు అంచులను ఆకురాయితో రాయడం, లేదా బేరింగు వెనక సిగరెట్టు కాగితం, రేకు ముక్క పెట్టడం. ఆ పూటకు శబ్దం ఆగుతుంది. కానీ రంధ్రం గుండ్రంగా ఉండదు. మళ్లీ ఎస్‌టీడీ బేరింగు వేసినా నిలవదు. క్యాపు అంచుల మీద ఆకురాయి గీతలున్నాయేమో వెలుతురులో చూడండి. క్యాపు, రాడ్డు మీద కొట్టిన నంబర్లు జత కుదరకపోతే వేరే ఇంజను క్యాపు వచ్చి చేరింది. బేరింగులు లేకుండా క్యాపులు బిగించి లోపలి కొలత తీయిస్తే నిజం బయటపడుతుంది. మెయిన్ క్యాపుల విషయంలో ఇది తేలితే లైన్ బోరింగు తప్పదు.

హెడ్డు, పగుళ్లు: చాక్‌పీసే పరికరం

వేడికి వంగిన హెడ్డును సమం చేయడానికి చెక్కుతారు. చెక్కినకొద్దీ పల్చబడుతుంది. మందం కొలిచి మాన్యువల్‌తో పోల్చండి. వాల్వు సీట్లు పదే పదే కోస్తే వాల్వులు లోపలికి దిగిపోతాయి. కంప్రెషన్ తగ్గి పొద్దున్నే స్టార్టు కాక సతాయించే బండ్లలో కొన్నింటి జబ్బు ఇదే. రెండు గ్యాస్కెట్లు ఒకదానిమీద ఒకటి వేసి ఉంటే హెడ్డో, బ్లాకో ఎక్కువ చెక్కేశారని ఆ మేస్త్రీ మనకు చెప్పకనే చెబుతున్నట్టు.

పగుళ్లు పట్టుకోవడానికి ఖరీదైన మందులు లేకపోయినా మన పట్టరైల్లో తెలిసిన పద్ధతి ఉంది. భాగాన్ని శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. కిరోసిన్ పూసి కాసేపు వదలాలి. పైన పూర్తిగా తుడిచేసి సుద్ద రుద్దాలి. పగులుంటే లోపల దాక్కున్న కిరోసిన్ మెల్లగా ఊరి తెల్లటి సుద్ద మీద తడి గీతలా కనిపిస్తుంది. రెండు వాల్వు సీట్ల మధ్య, నీళ్ల రంధ్రాల అంచున తప్పక చూడండి. అనుమానం తీరకపోతే నీటి దారులు మూసి, వేడి నీళ్లలో గాలి పెట్టి బుడగలు వస్తాయేమో చూపించాలి.

ఇక పాత అతుకుల లెక్క. బ్లాకు బయటి గోడ నీటి పగులుకు వరసగా మేకుల్లా వేసిన కుట్లు, చక్కటి గ్యాస్ ఇత్తడి అతుకు ఉండి, పదేళ్లుగా చుక్క కారకపోతే దాన్ని ముట్టుకోవద్దు. అందంగా లేదని చెక్కేసి మళ్లీ వెల్డింగు పెట్టిస్తే పోత ఇనుము కొత్తచోట పగలొచ్చు. అదే పగులు సిలిండరు గోడలోకి, మెయిన్ బేరింగు కూర్చునే చోటికి పాకి ఉంటే ఎంత గొప్ప వెల్డింగైనా నమ్మకూడదు. పైన ఎం-సీల్ పూసి రంగు కొట్టిన చోట్లు ఉంటే సూదిమొనతో గీకి కింద ఏముందో చూడాల్సిందే.

పంపు సీలు ఎందుకు తెగింది?

డీజిలు పంపు మీద సీసపు సీలు తెగి ఉంటే స్క్రూ ఎవరో తిప్పారు. కృష్ణాపురం చక్కెర మిల్లుకు నిండు ట్రైలరుతో చెరకు తోలిన రోజుల్లో బండికి బలం పెంచాలని డీజిలు పెంచడం మామూలే. బలం వచ్చింది. దాంతోపాటు నల్ల పొగ, పిస్టను తల మీద విపరీతమైన వేడి వచ్చాయి. అలాంటి బండిలో పిస్టన్ల తలలు, హెడ్డు పగుళ్లు రెండుసార్లు చూడండి. దమ్ము పొలాల్లో తిరిగిన బండైతే బురద నీళ్లు చాంబరు సీళ్ల దగ్గర ఏం చేశాయో చూడండి. బండి ఏ పని చేసిందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. అందుకే కుటుంబంలో పెద్దవాళ్లను, ఆ బండి మీద చేయి పెట్టిన పాత మేస్త్రీని ముందు అడగండి. వాళ్లు చెప్పే అయిదు నిమిషాల మాట అయిదు రోజుల విప్పదీతకు సమానం.

ముందు లెక్క.. తరవాత రంగు

క్రాంకు, బ్లాకు, హెడ్డు. ఈ మూడూ కొలిచాక కాగితం మీద మూడు వరసలు రాయండి. ఒకటి, బాగున్న పాత పని, అలాగే ఉంచేది. రెండు, ఇంకోసారి చెక్కడానికి చోటున్నది, ఇప్పుడు చేయించేది. మూడు, ఇనుము అయిపోయినది, మార్చాల్సింది. మూడో వరసలో క్రాంకు, బ్లాకు రెండూ ఉంటే ఆ బండిని నడిపించడం మానుకుని, రంగు వేసి ఇంటి ముందు నిలపడమే తెలివి. అందులో చిన్నతనమేమీ లేదు. రెండో వరసే ఎక్కువుంటే ధైర్యంగా దిగొచ్చు.

పనంతా అయ్యాక ఒక్కటి మరవకండి. ఏ సైజు పిస్టను వేశారో, క్రాంకు ఎంతకు దిగిందో, హెడ్డు ఎంత చెక్కారో తేదీతో ఒక పుస్తకంలో రాసి ఆర్‌సీతో పాటు ఉంచండి. మన తాతల మేస్త్రీలు రాయలేదు కాబట్టే ఇప్పుడు ఇనుమును చదవాల్సి వస్తోంది. రేపు మన మనవడు ఆ ఇంజను విప్పితే, వాడి చేతిలో కాగితం ఉంటుంది.

విప్పేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి

* ప్రతి క్యాపు, బేరింగు, పిస్టను ఏ సిలిండరుదో గుర్తు పెట్టండి. కలిస్తే చరిత్ర పోయినట్టే.
* తుడవకముందే ఫొటో తీయండి. మసి, తుప్పు, నూనె మరకలే లీకు ఎక్కడుందో చెబుతాయి.
* తీసిన పాత బేరింగులు, గ్యాస్కెట్లు పని పూర్తయ్యేదాకా పారేయొద్దు.
* కొలతలు తీయకుండా భాగాలు కొనొద్దు.
* రంగు అన్నిటికన్నా చివర.